తలుపులు మూసిన హాల్లో గాలి ఎక్కడిది?

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. స్కూలు హాల్లో షటిల్ చక్కగా ఆడుతుంది. మొన్న ఒక పెద్ద ఇండోర్ స్టేడియంలో ఓడిపోయి, ‘గాలికి షటిల్ లైను దాటిపోయింది నాన్నా’ అంది. తలుపులన్నీ మూసిన హాల్లో గాలేమిటి? ఇది సాకేనా? త్వరలో ఢిల్లీలో ఆడాలి, టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: సాకు కాదండీ. పాప ఉన్నమాటే చెప్పింది. పదహారు ఈకల షటిల్ బరువు ఐదు గ్రాములు, కాస్త అటూ ఇటూ. దాన్ని పక్కకు తోయడానికి ఏసీ గాలి చాలు.

ఢిల్లీ ఇందిరాగాంధీ ఇండోర్ స్టేడియమే చూడండి. 1982 ఏషియాడ్ కోసం కట్టారు. వేలమంది కూర్చునే చోట ఏసీ నడవాల్సిందే. ఆ చల్లగాలి కిందికి దిగుతుంది, జనం వేడికి, లైట్ల వేడికి కింది గాలి పైకి లేస్తుంది. కోర్టు మీద డ్రిఫ్ట్, అంటే షటిల్‌ని దారి తప్పించే గాలి, అలా పుడుతుంది. పైగా అది షటిల్ ఒక్కదాని కోసం కట్టింది కాదు. 2010 కామన్వెల్త్ జిమ్నాస్టిక్స్, 2025 ఖోఖో ప్రపంచకప్ అక్కడే జరిగాయి. మీ ఊరి బాక్సర్ నిఖత్ జరీన్ 2023లో రెండోసారి ప్రపంచ టైటిల్ గెలిచింది కూడా ఆ ప్రాంగణంలోనే. బాక్సర్ గ్లవ్స్‌ని ఏసీ ఏమీ చేయలేదు. ఇబ్బందంతా మన షటిల్‌కే.

చూపు సంగతి కూడా ఉంది. స్కూలు హాల్లో వెనక గోడ దగ్గరగా ఉంటుంది, కప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది. స్టేడియంలో అవి దూరమయ్యేసరికి షటిల్ ఎంత లోతుకు పోతోందో కన్ను అంచనా వేయలేదు. ఇది అలవాటు మీదే కుదురుతుంది.

నా దగ్గర నేర్చుకునే పిల్లలకు ఒకటే పట్టుబట్టి చెబుతాను: వార్మప్‌లో రెండు వైపుల నుంచీ క్లియర్లు (ఎత్తుగా అవతలి వెనక లైను దాకా పంపే షాట్లు) కొట్టి చూడండి. గాలి ఎదురొస్తే పూర్తి బలంతో కొట్టాలి. గాలి వెనకనుంచి వస్తే లిఫ్టులు (కింది నుంచి ఎత్తుగా వెనక్కి లేపే షాట్లు) తగ్గించి డ్రాప్ (నెట్ దాటగానే పడే షాట్), స్మాష్ మీద ఆడాలి. టాస్ గెలవగానే పిల్లలు సర్వీసు అడిగేస్తారు. సైడ్ అడగమనండి, అదీ కష్టమైన సైడే. మూడో గేమ్ దాకా వెళితే అది మళ్లీ ఆ కష్టమైన సైడ్ నుంచే మొదలై 11 పాయింట్ల దగ్గర సైడ్ మారుతుంది కదా, చివరి పాయింట్లు అనుకూలమైన వైపు నుంచి ఆడొచ్చు.

ముందురోజు ప్రాక్టీసుకు టైం ఇస్తే వదులుకోకండి. అప్పుడు ఏసీ నడుస్తోందా లేదా అని అడగండి. ఏసీ ఆపిన ఖాళీ హాల్లో కుదిరిన కొలత, మ్యాచ్ రోజు కుదరకపోవచ్చని పాపకు ముందే చెప్పి ఉంచండి.