ఇన్ని కోట్లు పోసినా గ్రాఫిక్స్ ఎందుకు తేలిపోతున్నాయి?

ప్రశ్న: 2004లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్ 2’ ఇప్పుడు చూసినా బాగుంటోంది. 2023లో ‘ది ఫ్లాష్’ చూస్తుంటే మాత్రం, ఆస్పత్రి మీద నుంచి పసిపిల్లలు పడిపోయే సీన్‌కి హాల్లో జనం నవ్వారు. గ్రాఫిక్స్ వాళ్లకు పని రావట్లేదా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: పని రాకపోవడం కాదండీ, చాలాసార్లు వాళ్లకు టైమ్ ఇవ్వరు, లేదా చివరి నిమిషంలో సీన్ మార్చేస్తారు.

మీరు చెప్పిన ‘స్పైడర్‌మ్యాన్ 2’నే తీసుకోండి. అందులో విలన్ డాక్టర్ ఆక్టోపస్ వీపు నుంచి వచ్చే ఆ ఇనుప చేతులు చాలా షాట్లలో నిజంగా సెట్లో ఉన్నవే, మనుషులు పట్టుకుని తోలుబొమ్మల్లా ఆడించారు. నటుడి ఒంటి మీద వాటి బరువు పడింది, వాటి మీద సెట్లోని లైటు పడింది. గోడలెక్కే చోట, రైలు మీద కొట్టుకునే చోట కంప్యూటర్ పని మొదలైంది కానీ, పోల్చి చూసుకోవడానికి అసలు వస్తువు కళ్ల ముందే ఉంది. ఆ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ వచ్చింది, రావాల్సిందే కూడా.

ఇప్పుడు 2017 నాటి ‘జస్టిస్ లీగ్’ చూడండి. రీషూట్ పెట్టే సమయానికి సూపర్‌మ్యాన్ వేషం వేసిన హెన్రీ కావిల్ ‘మిషన్ ఇంపాజిబుల్’ కోసం మీసం పెంచి ఉన్నాడు, ఆ సినిమావాళ్లు తీయనివ్వలేదు, దాంతో మీసాన్ని కంప్యూటర్లో చెరిపేశారు. మాట్లాడుతున్నప్పుడు ముక్కుకీ పై పెదవికీ మధ్య చర్మం కదలాలి కదా, అక్కడ బిగుసుకుపోయినట్టు ఉండిపోయింది. ఆకాశంలో ఎగిరితే నమ్మిన జనమే పెదవి దగ్గర ఠక్కున పట్టేశారు. ఎగిరే మనిషిని మనమెవరం చూడలేదు, మాట్లాడే మనిషిని పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాం!

‘ది ఫ్లాష్’ విషయంలో దర్శకుడు ఆండీ ముషియెట్టి, మెరుపు వేగంతో పరిగెత్తే హీరో కళ్లకు లోకం అలా వంకరగా కనపడుతుందనే కావాలని అలా చేశామన్నాడు. ఉద్దేశం అదే అయినా సినిమా చూస్తుంటే అది తెలియాలి, ఇంటర్వ్యూ చదివితే గానీ తెలియకపోతే ఆ షాట్ పని చేయలేదనే నా లెక్క.

ప్రశ్న: మరి ట్రైలర్ బాగోలేదని అందరూ తిడితే ఉపయోగం ఉంటుందా?
– ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఉంటుంది, కానీ తిట్టు ఎవరికి తగులుతుందో చూసుకోవాలమ్మా. 2019లో వీడియో గేమ్‌లోని నీలం రంగు జంతువు మీద తీసిన ‘సోనిక్’ ట్రైలర్ చూసి, ఆ మొహానికి మనిషి పళ్లేంటని జనం మండిపడ్డారు. రూపం మార్చి, రిలీజ్‌ని నవంబరు నుంచి తర్వాతి ఫిబ్రవరికి జరిపారు, సినిమా ఆడింది. కానీ ఆ పనిలో పాలుపంచుకున్న వ్యాంకూవర్ స్టూడియో ఆ డిసెంబరులోనే మూతపడింది. 2022లో మార్వెల్ సంస్థ సిరీస్ ‘షీ హల్క్’ ట్రైలర్‌ని ఎగతాళి చేసినప్పుడు మాత్రం ఆర్టిస్టులే బయటికొచ్చి పని ఒత్తిడి గురించి మాట్లాడారు, మరుసటి ఏడాది సెప్టెంబరులో మార్వెల్ సొంత ఎఫెక్ట్స్ సిబ్బంది ఏకగ్రీవంగా యూనియన్‌కి ఓటేశారు. అందుకే బాగోలేదని నిక్కచ్చిగా రాయండి, కాకపోతే రిలీజ్ డేటు ముందే ప్రకటించి, క్లైమాక్స్ చివర్లో మార్చే నిర్మాతని, దర్శకుణ్ణి పేరు పెట్టి అడగండి.