అంటీముట్టని ప్రేమ, అంతు చిక్కని హత్య

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం చారిత్రక అపరాధ పరిశోధన నవలల గురించే ఉన్నాయి. వాటిలోనూ, పోలీసు ఉద్యోగంతో సంబంధం లేని ఒక స్త్రీ, ఒక పురుషుడు కలసి హంతకుణ్ణి వెదుకుతూ ఉండగా వారి మధ్య నెమ్మదిగా అనురాగం అంకురించే కథలనే పలువురు ప్రస్తావించారు. దాదాపు అందరూ పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు నేపథ్యాన్నే ఉదహరించారు కనుక సమాధానాలను కూడా అక్కడికే పరిమితం చేస్తున్నాను.

ప్రశ్న: ఈ కోవకు చెందిన నవలలు నాలుగైదు వరుసగా చదివాను. ఒకదానిలో నాలుగు వందల పేజీల తరువాత నాయకుడు చేసిందల్లా, కింద పడిన నాయిక చేతి తొడుగును తీసి ఆమెకు అందించడమే. దీనిని రచయిత నిగ్రహం అనుకోవాలా, ప్రేమ సన్నివేశం రాయడం చేతకాక తప్పించుకున్నాడనుకోవాలా?

సమాధానం: రెండు రకాల రచయితలూ ఉన్నారు. ఎవరు ఎవరో తెలుసుకోవడానికి నేను పాటించే పద్ధతి ఒకటుంది. ఆ ఇద్దరి మధ్య ఉన్న ఇష్టాన్ని కథలో నుంచి పూర్తిగా తీసివేసినట్టు ఊహించుకొని, అప్పుడు కూడా పరిశోధన యథాతథంగా సాగిపోతుందా అని చూస్తాను. సాగిపోతే ఆ ప్రేమ పైపై అలంకారమే. సాగకపోతే, అంటే ఒకరిమీద ఒకరికున్న నమ్మకం వల్లనో, దాచుకున్న మమకారం వల్లనో ఏదో ఒక ఆధారం బయటపడటం కానీ మరుగునపడటం కానీ జరిగితే, చేతి తొడుగు అందించడం కూడా చాలా పెద్ద సంఘటనే అవుతుంది. ఉదాహరణకు, విచారణలో నాయిక ఒక పనిపిల్లను కాపాడటానికి అబద్ధం చెప్పిందనుకోండి. అది అబద్ధమని ఆ గదిలో తెలిసిన ఒకే ఒక్క వ్యక్తి నాయకుడు. అతడు నోరు మెదపడు. ఆ తరువాత కొన్ని అధ్యాయాల వరకూ ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు. నా దృష్టిలో ఆ మౌనానికి మించిన ప్రేమ సన్నివేశం అటువంటి నవలలో ఉండదు.

దీనికి ఆ కాలపు కట్టుబాట్లే ముడిసరుకు. ఉన్నత, మధ్యతరగతి కుటుంబాలలో పెళ్లికాని యువతి పరాయి పురుషునితో ఒంటరిగా కూర్చోవడమే కాదు, నిశ్చితార్థం కాకుండా ఉత్తరాలు రాసుకోవడం కూడా తప్పుగానే పరిగణించేవారు. పైగా 1840కి ముందు సాధారణంగా ఉత్తరం అందుకున్నవారే తపాలా రుసుము చెల్లించేవారు. ఆ రుసుము దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి పెరిగేది. అంటే కూతురికి వచ్చిన ఉత్తరానికి తండ్రి డబ్బు చెల్లించవలసి వచ్చేది కనుక అది రహస్యంగా ఉండే అవకాశమే తక్కువ. 1840లో ఒక పెన్నీ రుసుము, ముందుగా అంటించే తపాలా బిళ్ల వచ్చిన తరువాత ప్రేమికులకూ, బెదిరింపు ఉత్తరాలు రాసేవారికీ ఒకేసారి దారి సుగమమైంది. కథ 1838లో జరుగుతుందా, 1841లో జరుగుతుందా అన్నదానిని బట్టి హంతకుని పథకమూ మారుతుంది, నాయికానాయకులు కలుసుకునే తీరూ మారుతుంది. మంచి రచయిత ఈ రెండింటినీ ఒకే ముడిగా వేస్తాడు. హత్య జరిగింది కనుకనే ఆ ఇద్దరికీ మాట్లాడుకునేందుకు లోకం ఒప్పుకునే ఒక కారణం దొరికింది; కేసు తేలిపోతే ఆ కారణం కూడా పోతుంది. నిజం తెలుసుకోవాలన్న ఆత్రుత, తెలియకుండా ఇంకొన్నాళ్లు ఉంటే బాగుండునన్న కోరిక ఒకే మనసులో పెనుగులాడటం మామూలు డిటెక్టివ్ నవలలో దొరకని రుచి.

ప్రశ్న: పోలీసులుండగా ఒక విధవరాలో, ఒక గ్రంథాలయాధికారో పరిశోధన చేయడం నమ్మదగినదేనా?

సమాధానం: ఈ కాలపు కథలో అయితే సందేహించవలసిందే, ఆ కాలపు కథలో నమ్మవచ్చు. లండన్ మెట్రోపాలిటన్ పోలీసు వ్యవస్థ 1829లో ఏర్పడింది. అందులో నేర పరిశోధనకంటూ ప్రత్యేక విభాగం 1842లో గాని రాలేదు; మొదట ఆ విభాగంలో ఉన్నది ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, ఆరుగురు సార్జెంట్లు మాత్రమే. అనుమానాస్పద మరణం సంభవిస్తే స్థానికులతో కూడిన జ్యూరీ ఎదుట కరోనర్ అనే విచారణాధికారి విచారణ జరిపేవాడు. ఆ విచారణ తరచుగా ఊరి సత్రంలోనో, మద్యశాలలోనో జరిగేది. జ్యూరీ సభ్యులు శవాన్ని స్వయంగా చూసి తీరవలసి ఉండేది. నేరస్థునిపై అభియోగాన్ని నడిపే బాధ్యత కూడా చాలా కేసులలో బాధితులమీదో, వారి బంధువులమీదో పడేది. ఇటువంటి వ్యవస్థలో బయటివారికి ప్రవేశం దొరకడంలో వింత లేదు. ఇక విధవరాలి విషయానికి వస్తే, పెళ్లికాని యువతికి లేని స్వేచ్ఛ ఆమెకు కొంత ఉండేది. తన ఆస్తిని తానే చూసుకోగలదు, ఒంటరిగా ప్రయాణం చేయగలదు. ఈ నవలల్లో ఇంతమంది విధవరాళ్లు కనిపించడానికి కారణం అదే తప్ప, విషాదం మీద రచయితలకున్న మోజు కాదు.

ప్రశ్న: నేను 1828లో జరిగే ఒక నవల రాస్తున్నాను. కాఫీలో సంఖ్యాపాషాణం (ఆర్సెనిక్) కలిపి చంపుతారు. వైద్యుడు పరీక్ష చేసి విషప్రయోగాన్ని నిస్సందేహంగా నిరూపిస్తాడు. తరువాత కప్పు మీది వేలిముద్రల వల్ల హంతకుడు దొరికిపోతాడు. ఇందులో లోపమేమైనా ఉందా?

సమాధానం: వేలిముద్రలను వెంటనే తీసివేయండి. వాటిని నేర పరిశోధనకు వినియోగించే కార్యాలయం 1897లో కలకత్తాలోనూ, 1901లో లండన్‌లోనూ మొదలైంది. మీ కథ అంతకు దాదాపు డెబ్బై ఏళ్ల ముందుది.

విషం సంగతి మరింత ఆసక్తికరమైనది. 1828 నాటికి పాషాణాన్ని గుర్తించే పరీక్షలు లేకపోలేదు. అయితే అవి నిస్సందేహమైనవి మాత్రం కావు. జేమ్స్ మార్ష్ అనే రసాయన శాస్త్రవేత్త 1833లో ఒక విషప్రయోగం కేసులో పరీక్ష జరిపి పసుపు పచ్చని అవక్షేపాన్ని రాబట్టాడు. అది జ్యూరీ ముందుకు వచ్చేసరికి చెడిపోయింది, ముద్దాయి విడుదలయ్యాడు. ఆ పరాభవం తరువాతనే ఆయన మరింత సున్నితమైన పరీక్షను రూపొందించి 1836లో ప్రకటించాడు. మీరు ఆ పరీక్ష కోసం కథను ఎనిమిదేళ్లు ముందుకు జరపవచ్చు. నన్నడిగితే జరపవద్దంటాను. వైద్యుడికి అనుమానం ఉండి, రుజువు చేయలేని స్థితిలో ఉండటమే మీ ఇద్దరు పరిశోధకులకు పని కల్పిస్తుంది. ఎలుకల మందు పేరుతో పాషాణం ఆ రోజుల్లో సులువుగా దొరికేది. కొన్నవారి పేరు, కారణం పుస్తకంలో నమోదు చేయాలనే చట్టం 1851లో గాని రాలేదు. అందువల్ల అంగడివాడి జ్ఞాపకశక్తే మీకు దిక్కు. ఆ జ్ఞాపకాన్ని నాయిక ఒకలా, నాయకుడు మరొకలా అర్థం చేసుకోనివ్వండి.

ఎప్పుడైనా రైళ్లు వచ్చిన తరువాతి కాలాన్ని ఎంచుకుంటే గడియారాలను మరవకండి. బ్రిస్టల్ స్థానిక సమయం లండన్ కంటే సుమారు పది నిమిషాలు వెనుక ఉండేది. అక్కడి కార్న్ ఎక్స్ఛేంజ్ భవనం గడియారానికి నేటికీ నిమిషాల ముళ్లు రెండు కనిపిస్తాయి, ఒకటి స్థానిక సమయానికి, మరొకటి లండన్ సమయానికి. హత్యా సమయంలో తాను వేరే చోట ఉన్నానని చెప్పే అనుమానితునికి ఆ పది నిమిషాలు చాలు.

ప్రశ్న: చివర వారికి పెళ్లి జరగాలా?

సమాధానం: జరగకపోయినా పాఠకులు క్షమిస్తారు. కథాకాలం 1870కి ముందైతే, నాయిక వెనుకాడటానికి బలమైన కారణం ఉంది. పెళ్లితో ఆమె చేతిలోని సొమ్ము, ఆ తరువాత ఆమె సంపాదించేది భర్త పరమయ్యేది. ఈ పరిస్థితిని 1870, 1882 నాటి చట్టాలు క్రమంగా మార్చాయి. డబ్బు కోసం భార్యను చంపిన భర్త కేసును ఛేదించిన స్త్రీ మరుసటి అధ్యాయంలోనే ఉంగరం తొడిగించుకుంటే నాకు మాత్రం మింగుడుపడదు.

ప్రశ్న: ఇటువంటి ఒక నవలను తెలుగులోకి అనువదిస్తున్నాను. ఆ ఇద్దరి సంభాషణలో ‘మీరు’ అనాలా, ‘నువ్వు’ అనాలా? ఎక్కడ మార్చాలి?

సమాధానం: మూలంలో సర్వనామం ఒక్కటే ఉంటుంది కనుక అది మీకు దారి చూపదు. అక్కడ చనువుకు కొలబద్ద సంబోధన. ఇంటిపేరుకు మిస్టర్, మిసెస్, మిస్ చేర్చి పిలుచుకునేవారు ఏదో ఒక పేజీలో అసలు పేరుతో పిలుచుకుంటారు. ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. ఆ పేజీని ముందుగా వెదికి పట్టుకోండి. అక్కడివరకు ‘గారు’, ‘మీరు’ రెండూ ఉంచండి. అక్కడ ‘గారు’ను తీసివేసి, ‘మీరు’ను మాత్రం అలాగే కొనసాగించండి. తొందరపడి అతని చేత ‘నువ్వు’ అనిపించి, ఆమె చేత ‘మీరు’ అనిపిస్తే మన ఇళ్లలోని పాత మొగుడూపెళ్లాల వరుస వచ్చిపడుతుంది. సమానంగా సాగిన పరిశోధనలో మూలరచయిత ఎరగని హెచ్చుతగ్గులు చొరబడతాయి. ‘నువ్వు’ తప్పనిసరి అనిపిస్తే ఇద్దరూ ఒకే సన్నివేశంలో, వీలైతే ఆమె ముందుగా, అనేటట్టు చూడండి. ఆ మార్పును అతడు గమనించాడని తెలిపే వాక్యం మూలంలో లేనప్పుడు మీరు చేర్చకండి.