పెళ్ళి ఉంగరానికి వజ్రం ఉండి తీరాలా?

నిశ్చితార్థపు ఉంగరంలో వజ్రం లేకపోతే సంప్రదాయం తప్పినట్టేనా, ఎడమచేతి ఉంగరపు వేలికే ఎందుకు తొడుగుతారు అని ఒకరు అడిగారు. ఉంగరాలు చేయడం, బాగుచేయడం నా వృత్తి. వజ్రం లేనంత మాత్రాన ఏదీ తప్పినట్టు కాదండీ.

ప్రాచీన రోమ్‌లో పెళ్ళి మాట ఖాయమైతే వరుడు వధువుకు ఉంగరం పంపేవాడు. పొలం బేరం కుదిరాక బయానా ఇచ్చినట్టు, మాట మీద నిలబడతానని నలుగురికీ తెలిసేలా ఇచ్చే గుర్తది. తన కాలానికి కూడా పెళ్ళికూతురికి పంపేది ఇనుప ఉంగరమే, దానికి రాయి ఉండదు అని క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ రాశాడు. రాయిలేని ఉంగరం చూసి మొహం చిన్నబుచ్చుకునే వాళ్ళకు నేను మొదట చెప్పే మాట ఇదే.

వేలి సంగతికొస్తే, అక్కణ్ణుంచి గుండెకు సన్నని నరం పోతుందని ఈజిప్టు వాళ్ళు శవాలను కోసి చూసి కనుక్కున్నారట. రెండో శతాబ్దంలో ఆలస్ గెల్లియస్ అనే రోమన్ రచయిత ఈ మాట రాసిపెట్టాడు. నిజానికి అలాంటి ప్రత్యేక నరమేదీ లేదు. జర్మనీ, రష్యా, పోలండ్‌లలో పెళ్ళి ఉంగరం కుడిచేతికే ఉంటుంది. యూదుల పెళ్ళిలో రాళ్ళు లేని సాదా ఉంగరాన్ని వధువు చూపుడు వేలికి తొడుగుతారు.

వజ్రం రాజుల ఇళ్ళ నుంచి వచ్చింది. 1477లో ఆస్ట్రియా యువరాజు మాక్సిమిలియన్ బర్గండీ పాలకురాలు మేరీకి ఇచ్చిన వజ్రపుటుంగరాన్ని అందరూ ఉదాహరణగా చెబుతారు. దక్షిణాఫ్రికాలో గనులు బయటపడ్డాక, అంటే 1870ల తర్వాతే, వజ్రాలు విరివిగా దొరకసాగాయి. ఇక అది లేనిదే నిశ్చితార్థం లేదనే భావన చాలావరకు వజ్రాల కంపెనీ డి బీర్స్ ప్రకటనలు నాటిందే. వజ్రం శాశ్వతమన్న వాళ్ళ ప్రసిద్ధ నినాదాన్ని ప్రకటనల రచయిత్రి ఫ్రాన్సెస్ గెరెటీ రాసింది 1947లో.

నా మనసు దోచుకున్నవి మాత్రం ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో శతాబ్దాలపాటు వాడిన అక్షరాల ఉంగరాలు. మొదట్లో పైన చెక్కేవారు. రానురాను చిన్న ప్రేమ వాక్యం లోపలివైపుకు చేరింది, తొడుక్కున్న మనిషికి తప్ప ఎవరికీ కనిపించకుండా. నా దగ్గరికి బాగుచేయడానికి వచ్చే పాత ఉంగరాల్లో రాయి పట్టుకునే కొక్కేలు అరిగిపోయి ఉంటాయి, అరచేతి వైపు బంగారం పలచబడి ఉంటుంది. లోపలి అక్షరాలు మాత్రం చాలాసార్లు చదవగలిగేలాగే ఉంటాయి, అటువైపు రాపిడి తక్కువ కదా. పాలిష్ పెట్టమని ఇచ్చి, లోపల మాత్రం ముట్టుకోవద్దని పదే పదే చెప్పి వెళ్ళే పెద్దవాళ్ళున్నారు. ఆ ఉంగరాల మీద పని చేసేటప్పుడు నా చేయి దానంతటదే నెమ్మదిస్తుంది.

కాబట్టి వజ్రం ఇష్టమైతే సంతోషంగా పెట్టించుకోండి, భయపడి మాత్రం వద్దు. సాదా ఉంగరమైతే కాస్త మందంగా చేయించి, మీ ఇద్దరికే తెలిసిన మాట లోపల చెక్కించుకోండి. అరచేతి వైపు కొంచెం చోటు ఖాళీగా వదలమనండి. ముందు ముందు వేలు లావైతే అక్కడే కోసి ముక్క అతుకుతారు, అక్షరాలకు దెబ్బ తగలదు.