34 ఏళ్లకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఫిట్‌నెస్ కోచ్ అవ్వొచ్చా?

34 ఏళ్లొచ్చాయి, సాఫ్ట్‌వేర్ వదిలేసి ఫిట్‌నెస్ కోచ్ అవుదామనుకుంటున్నాను, ఆలస్యమైందా అని అడిగారు. నేను 36కి మానేశాను. హైదరాబాద్‌లో పదకొండేళ్లు టెస్టింగ్ చేసి, ఇప్పుడు ఆరేళ్లుగా ఇదే పని. వయసు గురించి బెంగ పెట్టుకోకండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నలభై దాటినవాళ్లే. నడుం నొప్పి, నిద్ర చాలకపోవడం, ఈఎంఐల టెన్షన్ అనుభవించిన మనిషి చెబితే వాళ్లు ఇంకాస్త వింటారు.

ఆలోచించాల్సింది టైమ్, డబ్బు. పొద్దున ఐదున్నర నుంచి పది దాకా ఊపిరాడదు. మళ్లీ సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది. మా పాప స్కూల్ నుంచి వచ్చేసరికి నేను బయల్దేరేదాన్ని. మొదటి రెండేళ్లు పాపని మా అత్తయ్యగారే చూసుకున్నారు. మొదట్లో ఫ్లోర్ ట్రైనర్‌గా, అంటే జిమ్‌కి వచ్చే అందరినీ చూసుకునే పనిలో, నా జీతం నెలకి 16 వేలు. పర్సనల్ ట్రైనింగ్‌కి ఎవరైనా చేరితే ఆ ఫీజులో సగం నాకు. జనవరిలో జనం తోసుకొస్తారు, మార్చికి సగం మంది కనబడరు. కనీసం ఏడాది ఇంటిఖర్చు పక్కన పెట్టుకోనిదే రాజీనామా పెట్టకండి.

సర్టిఫికెట్ విషయానికొస్తే, నేను అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ వాళ్లది చేశాను. 150 ప్రశ్నలు, మూడు గంటలు. సీపీఆర్ (గుండె ఆగిపోతే ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) సర్టిఫికెట్ కూడా అడుగుతారు. రెండేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి. శని, ఆదివారాలు కూర్చోబెట్టి చేతిలో పెట్టే సర్టిఫికెట్ల జోలికి వెళ్లొద్దు.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, మొదటి ఏడాదిలో నా చేతుల్లో ఒకాయన పడిపోబోయారు. యాభై రెండేళ్లుంటాయి. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి, షుగర్ మాత్ర మాత్రం మానకుండా వేసుకుని సాయంత్రం వచ్చారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టే మెషీన్) మీద మూడో సెట్‌లో ఉండగా, ఏసీ నడుస్తున్నా చొక్కా మొత్తం తడిసిపోయింది. అలసట అనుకుని "ఇంకో ఐదు సార్, అంతే" అన్నాను. లేచి నీళ్ల సీసా మూత తీయబోతే వేళ్లు వణుకుతున్నాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. షుగర్ పడిపోయిందని అప్పుడు అర్థమైంది. కింద కూర్చోబెట్టి, టీ కోసం పెట్టుకున్న చక్కెర నీళ్లలో కలిపి తాగించాం. పావుగంటకి తేరుకున్నారు. చేరిన రోజు నేను ఆయన బరువు, నడుం కొలత రాసుకున్నాను కానీ వాడే మందులు రాసుకోలేదు. ఆ తప్పు నాదే.

ఇప్పుడు డంబెల్ చేతికిచ్చే ముందే అన్నీ అడుగుతాను. ఏం మందులు వాడుతున్నారు, ఆపరేషన్లేమైనా అయ్యాయా, మెట్లెక్కితే ఛాతీలో పట్టేసినట్టు ఉంటుందా, ఇవాళ ఏం తిన్నారు. షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లయితే డాక్టర్ సరేనన్నాకే మొదలుపెడతాను. వాళ్లకి డైట్ చార్ట్ నేను రాయను, డైటీషియన్ దగ్గరికి పంపిస్తాను.

ప్రొటీన్ డబ్బాలు అమ్మితే కమీషన్ వస్తుంది, మిమ్మల్నీ అమ్మమంటారు. నేను అమ్మను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ఆ పౌడర్లు వద్దనే చెప్పింది. ఆ పుస్తకం వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ముందు అది చదవండి.

నాకు బాగా ఇష్టమైన క్లయింట్ ఒక రిటైర్డ్ టీచర్. మోకాళ్ల నొప్పులతో వచ్చారు. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి, చేతులు ఆనించకుండా కూర్చుని లేవమన్నాను. నెలన్నరకి ఒక దిండు తీశాం, ఇంకో రెండు నెలలకి రెండోది. వరలక్ష్మీ వ్రతం రోజు పీట మీద కూర్చుని పూజ చేసుకున్నానని ఫోన్ చేశారు.

మీరు ఉద్యోగంలో ఉండగానే దగ్గర్లోని చిన్న జిమ్‌లో పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా, జీతం ఇవ్వకపోయినా సరే, మూడు నెలలు నిలబడండి. మూడో నెలలో కూడా ఆఫీసు మీటింగ్‌లో కూర్చుని, పొద్దున వచ్చినావిడ మోకాలు ఎలా ఉందో అనిపిస్తుంటే, అప్పుడు మేనేజర్‌తో మాట్లాడండి.