టెస్టులన్నీ నార్మల్, మనిషికి మాత్రం ఓపిక లేదు: ఏ కోడ్ ఇవ్వాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో మెడికల్ కోడర్‌గా పనిచేస్తున్నాను, అమెరికా ఓపీ చార్టులు చూసి, డాక్టర్ రాసిన జబ్బులకు కోడ్‌లు ఇస్తాను. ఒక పేషెంటుకు ఎనిమిది నెలలుగా విపరీతమైన నీరసం. సీబీసీ, థైరాయిడ్, షుగర్ అన్నీ నార్మల్. అసెస్‌మెంట్‌లో డాక్టర్ ‘క్రానిక్ ఫటీగ్, పాజిబుల్ ఎంఈ/సీఎఫ్‌ఎస్’ (దీర్ఘకాలిక అలసట, బహుశా మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్/క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అనే జబ్బు) అని రాశారు. నేను ఆ జబ్బు కోడ్ జి93.32 ఇద్దామంటే, మా టీమ్ లీడ్ దీర్ఘకాలిక అలసట కోడ్ ఆర్53.82 చాలంటున్నారు. ఉద్యోగం కూడా మానేసిన మనిషికి ఉత్త ‘అలసట’ అని కోడ్ ఇవ్వడానికి మనసొప్పడం లేదు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: కోడ్ విషయంలో మీ లీడ్ చెప్పిందే సరైనదమ్మా. ఓపీ చార్టులో ‘పాజిబుల్’, ‘ప్రాబబుల్’, ‘రూల్ అవుట్’ అని ఉంటే ఆ జబ్బుకు కోడ్ ఇవ్వకూడదు. తేలిన లక్షణానికే ఇవ్వాలి. ఇక్కడ తేలింది క్రానిక్ ఫటీగ్, అంటే ఆర్53.82. రెండూ కలిపి ఇద్దామన్నా కుదరదు, వాటి మధ్య ఎక్స్‌క్లూడ్స్ 1 (రెండు కోడ్‌లూ ఒకేసారి ఇవ్వకూడదనే సూచన) ఉంది.

అలాగని మీ బాధను కొట్టిపారేయను. జి93.32 వచ్చిందే 2022 అక్టోబరు 1న. అంతకుముందు డాక్టర్ క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అని స్పష్టంగా రాసినా, కోడ్ పుస్తకంలోని ఇండెక్స్ మనల్ని ఆర్53.82 దగ్గరికే తీసుకెళ్లేది. అసలు జబ్బున్నవాళ్లూ, కారణం తెలియని నీరసం ఉన్నవాళ్లూ లెక్కల్లో ఒకే గంపలో పడిపోయేవారు. అందుకే ఈ చార్టును ఇంతటితో వదిలేయకండి. హెచ్‌పీఐ (ఇప్పటి జబ్బు ఎలా మొదలై ఎలా సాగిందో రాసే భాగం) మళ్లీ చదవండి. ‘సూపర్‌మార్కెట్‌కి వెళ్లొస్తే తర్వాత రెండు రోజులు మంచం దిగలేకపోతున్నారు’ లాంటి వాక్యం ఎక్కడైనా ఉందా? శ్రమ తర్వాత ఒళ్లు ఇలా కూలబడటం ఈ జబ్బుకు ముఖ్యమైన గుర్తు. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన ప్రమాణాల్లో ఇది తప్పనిసరి. మునుపటిలా పనులు చేసుకోలేకపోవడం ఆరు నెలలకు పైగా ఉండాలి. ఎంత నిద్రపోయినా తేరుకోకపోవడం ఉండాలి. వీటికి తోడు మతిమరుపు, ఆలోచన మందగించడం లాంటివైనా ఉండాలి, నిలబడితే పెరిగి పడుకుంటే తగ్గే ఇబ్బందులైనా ఉండాలి. మామూలు రక్తపరీక్షలు నార్మల్‌గా వచ్చినంత మాత్రాన ఈ జబ్బు లేదని కాదు.

ఇవి చార్టులో కనిపిస్తే డాక్టర్‌కు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పెట్టండి. ‘ఎంఈ/సీఎఫ్‌ఎస్ అని రాయగలరా’ అని మాత్రం అడగొద్దు, అది ఆయన నోట్లో మాట పెట్టడమే. ఏ తేదీ నోట్‌లో ఏముందో చూపించి, మీ క్లినికల్ అభిప్రాయం ఏమిటని అడగండి. ఆప్షన్లు ఇస్తే ‘ఇతర కారణం’, ‘ఇప్పుడే తేల్చలేం’ అనేవి కూడా ఉండాలి.

ఇదంతా కోవిడ్ తర్వాత మొదలైందని పేషెంటు చెప్పినా, మీ అంతట మీరు యూ09.9 (కోవిడ్ అనంతర సమస్య కోడ్) తగిలించకండి. ఆ సంబంధం డాక్టర్ రాయాలి. రాస్తే ముందు జబ్బు కోడ్, తర్వాత యూ09.9. క్వెరీకి జవాబు రాకపోతే ఆర్53.82తోనే చార్టు పంపండి. వచ్చే విజిట్‌లో ‘పాజిబుల్’ తీసేసి జబ్బు ఖాయమని రాస్తే, ఆ విజిట్‌కు జి93.32 ఇవ్వండి. పాత చార్టును కదపొద్దు.