వుడ్, కుడ్ పట్టికను పక్కన పెట్టమ్మా

కావలి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

బ్యాంకు పరీక్ష కోసం ఇంగ్లీషు గైడులోని ఫస్టు, సెకండు, థర్డు కండిషనల్ పట్టికను, అంటే 'ఇఫ్'తో వచ్చే షరతు వాక్యాల పట్టికను, బట్టీ పట్టానని రాశావు. దాన్ని కొన్నాళ్లు మూసిపెట్టు. వాక్యం చదవగానే ఒక్కటే చూడు: చెప్పేవాడు ఇది జరగవచ్చు అనుకుంటున్నాడా, ఉత్త ఊహ పోతున్నాడా, జరగకుండా పోయినదాన్ని తలుచుకుంటున్నాడా?

సోమశిల జలాశయంలోకి నీళ్లు వస్తే రెండో కారు వరి వేస్తానని రైతు అన్నాడనుకో. వస్తాయన్న ఆశ ఉంది. కాబట్టి ఇఫ్ వైపు 'కమ్స్', రెండో వైపు 'విల్'. వానలు మొహం చాటేసిన ఏడాది అదే రైతు 'వస్తేనా, వేయనూ!' అని నిట్టూరిస్తే 'కేమ్', 'వుడ్' పడతాయి. ఆ 'కేమ్' చూసి నిన్నటి సంగతి అనుకోకు. అక్కడ భూతకాల రూపం చెప్పేది ఆ మాట నిజానికి ఎంత దూరమో మాత్రమే. పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. 'ఇఫ్ ఐ వర్' కూడా ఈ కోవలోదే.

ఇక జరిగిపోయినవి. 2021 నవంబరు వరదకు నెల్లూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, రైళ్లు ఆగిపోయాయి. 'వరద రాకుండా ఉంటే రైళ్లు నడిచేవి' అంటే నడవలేదని ఎవరూ విప్పి చెప్పక్కరలేదు. 'ఇఫ్' వైపు 'హాడ్ నాట్ కమ్', రెండో వైపు 'వుడ్ హావ్ రన్' చేసే పనీ అదే. వుడ్ తీసి కుడ్ పెడితే నడిచే వీలుండేదని, మైట్ పెడితే నడిచేవేమోనని. అయితే షరతు లేకుండా 'హి మైట్ హావ్ కమ్' అని ఒంటరిగా కనిపిస్తే సాధారణంగా వచ్చాడేమోనన్న అనుమానమే, రాలేదని తేల్చేయకు.

పట్టిక దాచిపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. షరతు నిన్నటిది, ఫలితం నేటిది కావచ్చు. అప్పుడు చదివి ఉంటే ఇప్పుడు ఉద్యోగంలో ఉండేవాడు అనాలంటే ఒకవైపు 'హాడ్ స్టడీడ్', రెండో వైపు ఒట్టి 'వుడ్ బీ'. గైడు ప్రకారం తప్పనిపిస్తుంది గాని, శుభ్రమైన ఇంగ్లీషు.

ఇఫ్ పక్కన వుడ్ రాకూడదన్న సూత్రాన్ని పరీక్ష వరకు పాటించు. 'ఇఫ్ యు వుడ్ వెయిట్' అని మర్యాదగా అడిగేవాళ్లు ఉంటారు, అది వేరు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పాత ప్రశ్నపత్రాలు తీసుకురా. జవాబు పక్కన రూల్ నంబరు రాయకు. చెప్పేవాడి మనసులో ఏముందో తెలుగులో ఒక ముక్క రాయి, అవి చూస్తాను.

నీ పెదనాన్న