మూడు వేల అయిదు వందల యాభై మెట్లు

నాకు 63 ఏళ్లు, మాది తిరుపతి. వేసవిలో న్యూజెర్సీలో ఉన్న కూతురి దగ్గర మూడు నెలలు ఉండి వచ్చాను. ఒక శనివారం ఎక్కడికి వెళ్దామని అడిగితే మీ ఇష్టం అన్నాను. లిబర్టీ విగ్రహం చూపించడానికి ఆరింటికే లేపారు. తనిఖీకి క్యూ, పడవకు క్యూ, ఎండ, ఫొటోలు, సాయంత్రం టైమ్స్ స్క్వేర్. మనవరాలు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తియ్యలేదు. చిన్నోడు నా పక్కన బెంచీ మీద కూర్చుని చిత్రాన్నం తిన్నాడు. పీఠం మీంచి కిరీటం దాకా 162 మెట్లంట అవ్వా అంటే, మన కొండకు 3,550 రా అన్నాను. నమ్మలేదు. రాత్రి ఇంటికొచ్చాక, ఇంత ఖర్చు పెట్టి తిప్పితే ముఖం మాడ్చుకున్నావేమ్మా అంది కూతురు. నేనూ రెండు మాటలన్నాను. ఇప్పుడు మళ్లీ రమ్మంటోంది. నాకు మనసు రావడం లేదు. తప్పు నాదేనా?

అమ్మా, ఆ చిత్రాన్నం, మెట్ల ముచ్చట రెండు ముక్కల్లో తేల్చేశారు గానీ, ఆ రోజు మొత్తానికీ మీకు దక్కింది అదే.

మన ఊరి సంగతే చూడండి. చుట్టాలు దిగితే మనమేం చేస్తాం? తెల్లవారుజామున కొండ, మధ్యాహ్నం అలమేలుమంగాపురం, అట్నుంచటే కాళహస్తి, మర్నాడు కాణిపాకం. ఇంత దూరం వచ్చి చూడకుండా పోతారా అంటాం. వచ్చిన పెద్దాయనకు మన అరుగు మీద కూర్చుని నాలుగు మాటలాడాలని ఉందేమో, ఎవరడుగుతారు? మీ అమ్మాయి చేసిందీ అదే. అమ్మను పిలిచి ఇంట్లో కూర్చోబెట్టిందన్న మాట రాకూడదని, దొరికిన ఒక్క సెలవులో అన్నీ కుక్కేసింది. ఖర్చు మాట ఎత్తడం మాత్రం ముమ్మాటికీ తప్పు.

మీ వైపూ ఒకటుంది. మీ ఇష్టం అన్నాక, కాళ్లు పీకుతున్నా నోరు విప్పకుండా మూతి ముడుచుకుంటే వాళ్లకెలా తెలుస్తుంది? ఆ రాత్రి ఎవరేమన్నారో మళ్లీ తవ్వకండి. ఆ రోజు కాళ్లు నొప్పులే, చెప్పలేకపోయాను అనండి, చాలు.

వెళ్లండి. అయితే టికెట్టు తియ్యకముందే చెప్పండి: రోజుకు ఒక్క చోటే, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి, ఒక ఆదివారం వంటిల్లు నాది. ఆ పూట మనవరాలితో ఓళిగలు చేయించండి. పూర్ణం ఉండలు చుట్టే చేతులతో ఇయర్‌ఫోన్లు సర్దుకోవడం ఎవరి తరమూ కాదు. ఆ వయసు పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మాట్లాడరు, చేతికి పనిస్తే వాళ్లే మొదలుపెడతారు.

చిన్నోడి విషయానికి వచ్చే ఏడాది దాకా ఆగక్కర్లేదు. ఏదో ఒక శనివారం అలిపిరికి వెళ్లి రాత్రి ఏడున్నరకు వీడియో కాల్ చెయ్యండి, వేసవిలో వాళ్లకు ఉదయం పది. మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్లను చూపించండి. మోకాలి మెట్టుకు ఆ పేరెందుకు వచ్చిందో చెప్పండి, వాడికి భలే నచ్చుతుంది. లెక్క మాత్రం వాడికే అప్పజెప్పండి. మీ కాళ్లు ఒప్పుకోకపోతే పాదాల మండపం దగ్గర పది మెట్లు చాలు. మిగతా 3,540 సెలవులకు వచ్చినప్పుడు వాడే లెక్కపెట్టుకుంటాడు.